కమ్యూనిటీ కాలేజీలో పర్యాటక ప్రచారం చదవడం: ఏమి నేర్పుతారు, ఎలాంటి కోర్సును ఎంచుకోవాలి?

తీరరేఖ:

సభ్యులందరికీ నమస్కారం. నేను కొన్నేళ్లుగా ఒక ట్రావెల్ ఏజెన్సీలో టికెట్లు, హోటల్ బుకింగుల పని చూస్తున్నాను. ఈ రంగంలోనే ముందుకు వెళ్లాలన్న ఉద్దేశంతో, కమ్యూనిటీ కాలేజీలో పర్యాటక ప్రచారం ప్రధానాంశంగా ఉన్న రెండేళ్ల డిప్లొమాలో చేరాలని ఆలోచిస్తున్నాను. ఉద్యోగం మానకుండా సాయంత్రం తరగతులకు హాజరయ్యే వీలుండడం, విశ్వవిద్యాలయంతో పోలిస్తే ఖర్చు తక్కువ కావడం నన్ను అటువైపు మొగ్గేలా చేస్తున్నాయి. అయితే తెలిసినవారిలో కొందరు, నాలుగు మంచి ఫొటోలు పెట్టి, వాటి కింద నాలుగు మంచి మాటలు రాయడానికి రెండేళ్ల చదువు దేనికని అడుగుతున్నారు. ఈ కోర్సులో నిజంగా ఏమి నేర్పుతారో, చదివినవారికి ఎలాంటి పని దొరుకుతుందో, తర్వాత డిగ్రీ చేయాలనుకుంటే ఈ రెండేళ్లు లెక్కలోకి వస్తాయో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పటం:

తీరరేఖ గారికి నమస్కారం. నేను ఒక కమ్యూనిటీ కాలేజీలో ఈ విషయాన్నే బోధిస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మీ స్నేహితులు అడిగిన ప్రశ్నే మా మొదటి తరగతిలో విద్యార్థులు కూడా అడుగుతారు. మంచి కోర్సులో మొదటి సెమిస్టరు మొత్తం మీద ఒక్క పోస్టరు కూడా తయారు చేయించరు. ఒక ఊరికి ఎవరు వస్తున్నారు, ఎందుకు వస్తున్నారు, ఎంతసేపు ఉంటున్నారు, వచ్చినవారు మళ్లీ ఎందుకు రావడం లేదు అన్న విషయాలు తెలియకుండా ఎవరిని ఏమని పిలవాలో నిర్ణయించడం సాధ్యం కాదు.

అన్నింటికంటే ముందు నేర్పేది లెక్కింపు. ఐక్యరాజ్య సమితి గణాంకాలు అనుసరించే నిర్వచనం ప్రకారం, తన నిత్యజీవితం గడిచే పరిసరాలను దాటి, ఏడాదికి మించని కాలానికి, వెళ్లిన చోటి సంస్థలో ఉద్యోగం చేయడం కాక మరేదైనా ప్రధాన ఉద్దేశంతో ప్రయాణించేవారు సందర్శకులు. వారిలో కనీసం ఒక రాత్రి బస చేసినవారిని పర్యాటకులుగానూ, అదే రోజు తిరిగి వెళ్లిపోయేవారిని ఒక్కరోజు సందర్శకులుగానూ లెక్కిస్తారు. ఇది పరీక్ష కోసం కంఠస్థం చేసే విషయంలా కనిపిస్తుంది కానీ ప్రచారం దిశ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక కోట చూడడానికి పొద్దున బస్సులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవారే ఎక్కువగా ఉన్న ఊరికి మరింతమందిని పిలవడం వల్ల రద్దీ, చెత్త పెరుగుతాయే తప్ప ఊరి ఆదాయం పెద్దగా పెరగదు, ఎందుకంటే సందర్శకుడి ఖర్చులో పెద్ద భాగం బసతోనూ, రాత్రి భోజనంతోనూ ముడిపడి ఉంటుంది. అలాంటి ఊరి ప్రచారం కోటను చూపించడం తగ్గించి, సాయంత్రం వేళ ఏమి చేయవచ్చో, మర్నాడు ఉదయం దేనికోసం ఉండిపోవాలో చెప్పాలి. ఆ మాట చెప్పే ముందు సాయంత్రం నిజంగా ఏదైనా ఉందో లేదో చూసుకోవాలి.

మా విద్యార్థులను రెండు ప్రశ్నల సర్వేతో సందర్శక స్థలాల ప్రవేశ ద్వారాల దగ్గర నిలబెడతాము: మీరు ఎక్కడి నుంచి వచ్చారు, ఈ రాత్రి ఎక్కడ ఉంటారు? ఒకసారి మూడు ద్వారాల దగ్గరి లెక్కలు కలిపితే సందర్శకుల సంఖ్య ఘనంగా వచ్చింది. తీరా కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే, అదే ఊరి నుంచి అంతమందే సభ్యులున్న కుటుంబాలు మూడు జాబితాల్లోనూ కనిపించాయి. ఒకే రోజు మూడు చోట్లు చూసినవారిని మూడుసార్లు లెక్కపెట్టారన్నమాట. "ఇంతమంది వచ్చారు" అనే ప్రకటన ఎక్కడ చదివినా, మనుషులను లెక్కపెట్టారా, ప్రవేశాలను లెక్కపెట్టారా అని అడగడం ఆ రోజు నుంచి ఆ తరగతికి అలవాటైంది.

ఇక్కడ మీకొక అనుకూలత కూడా ఉంది. పర్యాటక పరిశోధకుడు నీల్ లైపర్ 1979లో ప్రతిపాదించిన నమూనా పర్యాటకాన్ని మూడు ప్రాంతాలుగా చూస్తుంది: ప్రయాణికుడు బయలుదేరే చోటు, ప్రయాణించే దారి, చేరుకునే చోటు. ప్రచారంలో పనిచేసేవారిలో చాలామందికి మూడోదే బాగా తెలుసు. బుకింగ్ బల్ల దగ్గర కూర్చున్న మీకు మొదటి రెండూ రోజూ కంటికి కనిపిస్తూనే ఉంటాయి.

వెన్నెలబాట:

నేను ఇలాంటి డిప్లొమా పూర్తిచేసి ఇప్పుడు ఒక పర్యాటక సమాచార కేంద్రంలో పనిచేస్తున్నాను. పటం గారు చెప్పినదానికి రచన గురించి ఒక మాట చేరుస్తాను. మా ఉపాధ్యాయురాలు బ్రోచరు రాయించేటప్పుడు "అద్భుతమైన", "మనోహరమైన", "మరపురాని" వంటి విశేషణాలను పూర్తిగా నిషేధించేవారు. ఒక జలపాతం గురించి రాయాలంటే పార్కింగ్ నుంచి అక్కడికి ఎంత దూరం, దారిలో మెట్లు ఉన్నాయా, వాటికి పట్టుకోవడానికి కమ్మీ ఉందా, చక్రాల కుర్చీ ఎంతవరకు వెళ్తుంది, నీటి ధార ఏ నెలల్లో సన్నబడుతుంది, చివరి బస్సు ఎన్ని గంటలకు అన్న వివరాలన్నీ స్వయంగా వెళ్లి చూసి వచ్చిన తర్వాతే రాయాలి. అప్పట్లో అది ప్రచారం కంటే తనిఖీలాగా అనిపించేది.

సమాచార కేంద్రంలో చేరాక ఆ అభ్యాసం విలువ తెలిసింది. మా బల్ల దగ్గరికి వచ్చేవారు ఈ చోటు ఎంత అందంగా ఉంటుందని దాదాపు ఎప్పుడూ అడగరు. ఆ సంగతి తెలిసే వచ్చి ఉంటారు. మరుగుదొడ్డి ఎక్కడుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మ అంతదూరం నడవగలదా, వాన పడితే పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలి, సోమవారం మ్యూజియం తెరుస్తారా అని అడుగుతారు. వచ్చిన ప్రశ్నలను మేము ఒక పుస్తకంలో నమోదు చేస్తాము. ఒకే ప్రశ్న పదేపదే వస్తోందంటే మా వెబ్‌సైటులోనో, దారిలో పెట్టిన బోర్డులోనో ఏదో లోపం ఉన్నట్టే. మా కొత్త కరపత్రంలోని మొదటి పుట ఆ పుస్తకంలోంచి పుట్టిందే. దాని మీద పెద్ద ఫొటో లేదు కానీ, మడిచి జేబులో పెట్టుకుని వెళ్తున్నవారిని రోజూ చూస్తున్నాను.

అంచనా:

నా వృత్తి ప్రచార ఫలితాల విశ్లేషణ. రెండేళ్ల చదువులో ఏదైనా ఒక అంశాన్ని పట్టుదలగా నేర్చుకోమని అడిగితే, ఫలితాన్ని కొలవడం నేర్చుకోమంటాను, ఎందుకంటే ఈ రంగంలో అతి సులభంగా జరిగే పొరపాటు అక్కడే ఉంది.

ఐస్‌లాండ్ సంగతే తీసుకోండి. 2010 ఏప్రిల్‌లో అక్కడి ఎయాఫ్యాత్లాయోకుత్ల్ అగ్నిపర్వతం బద్దలై, యూరప్‌లోని చాలా దేశాల్లో విమానాలు రోజుల తరబడి నిలిచిపోయాయి. దేశం మొత్తం బూడిదలో కూరుకుపోయిందని బయటివారు అనుకునే పరిస్థితిలో ప్రభుత్వమూ పర్యాటక సంస్థలూ కలిసి "ఇన్‌స్పైర్డ్ బై ఐస్‌లాండ్" అనే ప్రచారం మొదలుపెట్టి, అక్కడి ప్రజలను, అంతకుముందు వచ్చి వెళ్లిన అతిథులను తమ అనుభవాలు పంచుకోమని కోరాయి. 2010లో సుమారు 5 లక్షలుగా ఉన్న విదేశీ సందర్శకుల సంఖ్య 2018 నాటికి 23 లక్షలు దాటింది. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి "ప్రచారం వల్ల నాలుగు రెట్లకు పైగా పెరిగారు" అని రాసే విద్యార్థికి నేనైతే మార్కులు వేయను. 2008 ఆర్థిక సంక్షోభంలో ఐస్‌లాండ్ కరెన్సీ విలువ బాగా పడిపోవడంతో, విదేశీయులకు ఆ దేశంలో ఖర్చు తగ్గింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో చౌక విమాన సర్వీసులు పెరిగాయి. అగ్నిపర్వతం పుణ్యమా అని ఆ దేశం పేరు వారాలపాటు వార్తల్లో నిలిచింది. అక్కడ తీసిన సినిమాలు, టీవీ ధారావాహికలు కూడా ఉన్నాయి. వీటన్నిటిలో ప్రచారం వాటా ఎంత అన్నదే అసలు ప్రశ్న. దానికి కచ్చితమైన జవాబు దొరకకపోయినా, ప్రశ్న వేయడం తెలిసినవారికి, తెలియనివారికి మధ్య తేడా నివేదిక మొదటి పేజీలోనే బయటపడుతుంది.

దీనికి భిన్నమైన ఉదాహరణ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2009లో నడిపిన "ప్రపంచంలోనే ఉత్తమ ఉద్యోగం" ప్రచారం. గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల ప్రాంతంలోని హామిల్టన్ దీవిలో ఆరు నెలలు ఉండి బ్లాగు రాసే పనికి మనిషి కావాలని ఉద్యోగ ప్రకటన రూపంలో ఇచ్చారు. 34,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుదారులు తమ వీడియోల్లో తామే ఆ ప్రాంతం గొప్పతనాన్ని చెప్పుకొచ్చారు కాబట్టి ప్రచారాన్ని వారి చేతే చేయించినట్టయింది. ఆలోచనగా అది గొప్పదే. అయినా దరఖాస్తుల సంఖ్య ఒకటి, దీవిలో గడిచిన రాత్రుల సంఖ్య మరొకటి. మొదటిది ఎంతమంది చూశారో చెబుతుంది, రెండోది ఎంతమంది వచ్చారో చెబుతుంది. తరగతిలో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతుంటే ఆ కోర్సు విషయంలో జాగ్రత్తగా ఉండండి.

ఇసుకతిన్నె:

ఇంతవరకు జరిగిన చర్చ విలువైనదే. అయితే పర్యాటకుల తాకిడి ఉన్న సముద్ర తీరంలో నివసించే మనిషిగా నాకు ఒక మౌలికమైన అభ్యంతరం ఉంది. పిలవడం ఎలాగో రెండేళ్లపాటు నేర్పుతున్నాము. ఎప్పుడు పిలవకూడదో ఎన్ని గంటలు నేర్పుతున్నాము?

థాయిలాండ్‌లోని ఒక దీవిలో ఉన్న మాయా బే తీరం ఒక హాలీవుడ్ సినిమాతో ప్రపంచానికి తెలిసింది. ఆ చిన్న తీరానికి రద్దీ రోజుల్లో 5,000 మంది వరకు వచ్చేవారు. పడవల లంగర్లకు, మనుషుల తాకిడికి పగడపు దిబ్బలు తీవ్రంగా దెబ్బతినడంతో 2018 జూన్‌లో దాన్ని మూసివేయవలసి వచ్చింది. 2022 జనవరిలో తిరిగి తెరిచినప్పుడు పడవలు నేరుగా తీరంలోకి రాకుండా దీవికి అవతలి వైపు ఆగేలా ఏర్పాటు చేసి, ఒకేసారి లోపలికి వెళ్లేవారి సంఖ్యకు పరిమితి పెట్టారు. ఫిలిప్పీన్స్‌లోని బొరకాయ్ దీవిని కూడా 2018లోనే ఆరు నెలలు మూసి ఉంచారు. అక్కడ ప్రధాన సమస్య శుద్ధి చేయని మురుగునీరు సముద్రంలో కలవడం. ఈ రెండు చోట్లా ప్రచారానికి కొరత లేదు, కొరతంతా ఏర్పాట్లకే.

స్థానికుల మనసు ఎలా మారుతుందో పరిశోధకుడు జార్జ్ డాక్సీ 1975లోనే నాలుగు దశలుగా వివరించాడు: మొదట ఉత్సాహం, తర్వాత ఉదాసీనత, ఆ తర్వాత చికాకు, చివరికి వ్యతిరేకత. మా తీరంలో మూడో దశ నడుస్తోందని నేను చెప్పగలను. పర్యాటకులు ఇంటి ముందు వాహనాలు నిలిపి దారి మూసేసిన ప్రతిసారీ మా పక్కింటివారు ఒకప్పుడు నవ్వుతూ దారి చూపించేవారు, ఇప్పుడు తలుపు వేసుకుంటున్నారు. ఈ మార్పును ఏ పర్యాటక శాఖ సర్వేలోనూ నేను చూడలేదు, ఎందుకంటే సర్వేలన్నీ వచ్చినవారినే అడుగుతాయి.

పటం:

ఇసుకతిన్నె గారి అభ్యంతరాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. ప్రచారం నేర్పే ప్రతి కోర్సులోనూ దీనికి స్థానం ఉండాలని నా గట్టి నమ్మకం. పరిశోధకుడు రిచర్డ్ బట్లర్ 1980లో ప్రచురించిన పర్యాటక ప్రాంత జీవిత చక్రం దాదాపు ప్రతి పాఠ్య ప్రణాళికలోనూ ఉంటుంది: ఎవరో కొద్దిమంది కనుగొనడంతో మొదలై, స్థానికులు అందులో భాగం పంచుకోవడం, వేగంగా అభివృద్ధి, స్థిరపడడం, స్తంభించడం, ఆ పైన క్షీణించడమో మళ్లీ పుంజుకోవడమో జరుగుతుంది. చాలా తరగతుల్లో దీన్ని బోర్డు మీద ఒక వంపు గీతగా గీసి వదిలేస్తారు. దాన్ని ప్రచారానికి అన్వయిస్తేనే ఆ పాఠానికి ప్రయోజనం ఉంటుంది. మొదటి దశల్లో ఉన్న చోటికి దారి తెలిపే సమాచారం కావాలి. స్తంభించిన చోటికి సీజన్‌ను విస్తరించే, రద్దీని పక్క ప్రాంతాలకు మళ్లించే ప్రచారం కావాలి. సామర్థ్యం మించిన చోటికి రావద్దని మర్యాదగా చెప్పడం కావాలి.

ఆ చివరిది కూడా ప్రచారమే. ఆమ్‌స్టర్‌డామ్ నగరం తన పేరుతో ఉన్న పెద్ద అక్షరాల నినాదాన్ని మ్యూజియం కూడలి నుంచి 2018 డిసెంబరులో తొలగించింది. 2023లో, మద్యం, మాదకద్రవ్యాల కోసమే వచ్చే బ్రిటిష్ యువకులను రావద్దని నేరుగా హెచ్చరించే ప్రకటనలు ఇచ్చింది. పసిఫిక్‌లోని పలావు దేశం 2017 డిసెంబరు నుంచి, తమ దేశంలో అడుగుపెట్టే ప్రతి సందర్శకుడి పాస్‌పోర్టులో ఒక ప్రతిజ్ఞ ముద్ర వేసి, దాని కింద సంతకం చేయిస్తోంది. ఆ ప్రతిజ్ఞ పలావు పిల్లలను ఉద్దేశించి, వారి దీవిని కాపాడతానని ఇచ్చే మాట. ఏ హోర్డింగుకూ లేని బలం ఆ సంతకానికి ఉందని నేను అనుకుంటాను, ఎందుకంటే చదివి ఊరుకోవడానికి అక్కడ వీలు లేదు.

స్థానికులను అడగని సర్వే గురించి మీరు రాసిన మాటను వచ్చే సెమిస్టరులో అమలు చేస్తాను. ప్రవేశ ద్వారం దగ్గర నిలబడే విద్యార్థుల్లో సగంమందిని ఆ వీధిలోని ఇళ్లకు పంపించాలని ఇప్పుడే అనిపిస్తోంది.

గదితాళం:

నేను హోటల్ అమ్మకాల విభాగంలో ఉన్నాను. చర్చ అంతా ప్రకటనల చుట్టూ, వెబ్‌సైట్ల చుట్టూ తిరుగుతోంది కాబట్టి, కాలేజీలు సాధారణంగా తక్కువ చేసి చూపే ఒక భాగాన్ని గుర్తుచేస్తాను. పర్యాటక ప్రచారంలో పెద్ద పని ప్రయాణికుడి కంటికి కనిపించకుండా, టూర్ ఆపరేటర్లు, ట్రావెల్ ఏజెంట్లు, రవాణా సంస్థల మధ్య జరుగుతుంది. బృంద యాత్రల ధరలు, గదుల కేటాయింపులు సీజన్‌కు చాలా ముందే ఖరారవుతాయి. అవి ఖరారైన తర్వాత ఎంత మంచి ప్రకటన వేసినా ఆ సీజన్‌కు పెద్ద ఉపయోగం ఉండదు. ఏజెంట్లను తీసుకువచ్చి ఊరంతా చూపించే పరిచయ యాత్రను ఎలా రూపొందించాలో, వాణిజ్య ప్రదర్శనలో పావుగంట సమావేశంలో ఏమి చెప్పాలో, ధరల పట్టికను ఎలా చదవాలో తెలిసిన కొత్తవారు మాకు అరుదుగా దొరుకుతారు. వీడియో ఎడిట్ చేయగలవారు మాత్రం చాలామంది వస్తున్నారు.

అసలు ఆధునిక పర్యాటక వ్యాపారం మొదలైందే ఇలాంటి ఏర్పాటుతో. ఇంగ్లండుకు చెందిన థామస్ కుక్ 1841 జూలై 5న మద్యపాన వ్యతిరేక సభ కోసం లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు 500 మందిని ఒక ప్రత్యేక రైలులో తీసుకువెళ్లినప్పుడు, ఆయన రైలు సంస్థతో ముందే మాట్లాడుకుని, ఒక షిల్లింగు టికెట్టులో ప్రయాణాన్ని, సందర్భాన్ని కలిపి అందించాడు. జనాన్ని కదిలించింది ఆ ఏర్పాటు.

తీరరేఖ గారూ, ఈ కోణంలో మీ అనుభవం చిన్నది కాదు. ఏజెంటు వైపు కూర్చున్న మనిషి ఆలోచన ఎలా ఉంటుందో మీకు తెలుసు.

మెట్లదారి:

డిగ్రీ సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. నేను కమ్యూనిటీ కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి మారాను. క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టు పూర్తిచేసినందుకు లెక్కలో వేసే పాయింట్లు, బదిలీ అవుతాయని కాలేజీ చెప్పే మాటను నమ్మి ఊరుకోకండి. మీరు చేరాలనుకునే విశ్వవిద్యాలయం నుంచి, ఏ సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు అంగీకరిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. రాత, గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, అకౌంటింగ్ వంటి సాధారణ సబ్జెక్టులు సులభంగా బదిలీ అవుతాయి. టికెటింగ్ సాఫ్ట్‌వేర్, అతిథి సేవ వంటి వృత్తి సబ్జెక్టులను చాలాచోట్ల ఐచ్ఛిక క్రెడిట్లుగా మాత్రమే తీసుకుంటారు, లేదా తీసుకోరు. కాబట్టి మొదటి ఏడాదిలోనే ఆ సాధారణ సబ్జెక్టులను పూర్తిచేయడం మంచిది.

తీరరేఖ:

ఇంత శ్రద్ధగా సమాధానాలు రాసిన అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక నా దగ్గరున్న రెండు కాలేజీల పాఠ్య ప్రణాళికలను మళ్లీ ముందు పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లో సోషల్ మీడియా, ఫొటోగ్రఫీ, వీడియో, గ్రాఫిక్ డిజైన్ కలిపి నాలుగు సబ్జెక్టులున్నాయి. సర్వేల ప్రస్తావన లేదు. రెండోదాంట్లో సందర్శక పరిశోధన, ధరల నిర్ణయం, ప్రాంతీయ ప్రణాళిక ఉన్నాయి, చివరి సెమిస్టరు పూర్తిగా ఇంటర్న్‌షిప్. కానీ డిజైన్ ఒకే ఒక్క సబ్జెక్టు. నా మనసు రెండోదానివైపే వెళ్తోంది. లెక్కలతో సంబంధం తెగి చాలాకాలమైంది కాబట్టి గణాంకశాస్త్రం అంటే కొంత బెరుకుగా ఉంది. చేరే ముందు ఆ కాలేజీని ఏమేమి అడగాలో కూడా చెప్పగలరా?

అంచనా:

అక్కడ అవసరమయ్యే గణాంకాలు శాతాలు, సగటులు, నమూనా ఎంపిక (అందరినీ అడగలేనప్పుడు ఎవరిని అడగాలో ఎంచుకోవడం), రెండు పట్టికలను పోల్చడం దాటి పెద్దగా వెళ్లవు. రోజూ ఛార్జీలు, కమీషన్లు లెక్కకట్టే మీకు అవి కష్టం కాకూడదు. నమూనా ఎంపిక పాఠాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. ఆదివారం మధ్యాహ్నం మాత్రమే సర్వే చేసి వారమంతటి గురించి తీర్పు చెప్పడం ఎందుకు తప్పో అక్కడే తెలుస్తుంది.

వెన్నెలబాట:

గత ఏడాది విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌లో తయారుచేసిన పని ఏదైనా ఒకటి చూపించమని అడగండి. ఆ పనిని ఏ సంస్థయినా నిజంగా వాడుకుందా, లేక మార్కుల కోసం చేసి ఫైలులో పెట్టారా అన్నది చూస్తే కోర్సు నాణ్యత చాలావరకు అర్థమవుతుంది. ఇంటర్న్‌షిప్ చోటును కాలేజీయే ఏర్పాటు చేస్తుందా, మీరే వెతుక్కోవాలా అన్నది కూడా ముందే తెలుసుకోండి. ఉద్యోగం చేస్తూ చదివేవారికి ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే పగటి వేళ పని ఉన్న ఇంటర్న్‌షిప్‌కు మీ ఏజెన్సీ అనుమతి కావలసి వస్తుంది.

పటం:

పాఠాలు చెప్పేవారిలో కనీసం ఒకరైనా ఈ రంగంలో పనిచేసి వచ్చినవారా అని నేనైతే అడుగుతాను. ఇక దరఖాస్తుతో పాటు ఒక చిన్న వ్యాసం రాయమంటారు. అందులో ప్రయాణాలంటే మీకు ఎంత ఇష్టమో రాయవద్దు. వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువ భాగం అదే రాస్తాయి. మీ బుకింగ్ బల్ల దగ్గర కస్టమర్లు ఒక చోటికని వచ్చి, మాట్లాడాక మరో చోటికి టికెట్టు తీసుకుని వెళ్లిన సందర్భాలు ఉండే ఉంటాయి. అలాంటిదొకటి తీసుకుని, వారు ఏ సమాచారం విని మనసు మార్చుకున్నారో, ఆ సమాచారం వారికి అంతకుముందే ఎందుకు అందలేదో వివరంగా రాయండి. దరఖాస్తులు చదివే బల్లకు ఇవతల కూర్చునే మాకు అలాంటి వ్యాసం అరుదుగా కనిపిస్తుంది.